గడప దగ్గరి ఆరోగ్యం: యుద్ధానంతర బ్రిటన్‌లో స్థానిక ప్రజారోగ్య సేవలు ఎలా చీలిపోయాయి

క్లుప్తంగా: 1948 జులై 5న బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) మొదలైనప్పుడు ఆసుపత్రులు ప్రభుత్వ పరమయ్యాయి. టీకాలు, తల్లీబిడ్డల సంరక్షణ, ఇంటి దగ్గర నర్సింగ్, అంబులెన్సులు మాత్రం కౌన్సిళ్ల (ఎన్నికైన స్థానిక సంస్థల) చేతిలో మిగిలాయి. ఈ ఏర్పాటు 26 ఏళ్లు నడిచింది. ఆ కాలంలో డిఫ్తీరియా దాదాపు మాయమైంది, క్షయ తగ్గుముఖం పట్టింది, శిశు మరణాలు సగానికి పడిపోయాయి. అయినా 1974లో ఆ సేవలను కౌన్సిళ్ల నుంచి తీసేశారు, వాటికి సారథి అయిన ఆరోగ్యాధికారి పదవినే రద్దు చేశారు. బాధ్యతను ఒకరికి, నిధులను మరొకరికి, సమాచారాన్ని ఇంకొకరికి పంచడమే దీనికి మూలమని ఈ విశ్లేషణ చెబుతుంది.

బ్రిటన్ ఆరోగ్య సేవ గురించి చదివే వారికి తరచూ ఒక సందేహం వస్తుంది. దేశమంతటికీ ఎన్‌హెచ్‌ఎస్ అనే ఒకే వ్యవస్థ ఉన్నప్పుడు, అంటువ్యాధులను అరికట్టే పని నగర కౌన్సిళ్లది ఎందుకైంది? 2013లో ఇంగ్లండ్‌లో ప్రజారోగ్య బాధ్యతను మళ్లీ కౌన్సిళ్లకు అప్పగించారంటే, అంతకుముందు అది ఎవరి దగ్గర ఉన్నట్టు? నిజానికి 1948లో పుట్టినది ఒకే సంస్థ కాదు. అది మూడు శాఖలుగా పుట్టింది. ఇప్పటి గందరగోళమంతా ఆ పుట్టుకలోనే ఉంది.

డంకన్ నాటి పదవి

బ్రిటన్‌లో తొలి ఆరోగ్యాధికారి లివర్‌పూల్ నగరం 1847లో నియమించిన డాక్టర్ విలియం హెన్రీ డంకన్. రేవు పట్టణపు నేలమాళిగల్లో కిక్కిరిసి బతికే కూలీల మధ్య జ్వరాలు, కలరా ఎలా పాకుతాయో ఆయన వీధుల వారీగా లెక్క తీశారు. 1872 నుంచి ప్రతి స్థానిక సంస్థా ఇలాంటి అధికారిని నియమించుకోవడం తప్పనిసరైంది. మంచినీరు, మురుగు, పాలు, మాంసం, పాడుబడ్డ ఇళ్లు, అంటువ్యాధులు అన్నీ ఆయన కిందికి వచ్చేవి. ఏటా ఊరి ఆరోగ్యంపై నివేదిక రాసి ప్రచురించాలి. ఇంటి యజమానులూ వ్యాపారులూ కౌన్సిల్ సభ్యులుగా ఉండే చోట ఆయన చెప్పే నిజం వారికి రుచించకపోవచ్చు. అందుకే పెద్ద నగరాల్లో, కౌంటీల్లో (జిల్లాల్లాంటి ప్రాంతాల్లో) మంత్రి అనుమతి లేకుండా ఆయనను తొలగించడానికి వీల్లేకుండా రక్షణ కల్పించారు.

ఈ నమూనా తెలుగు నేలకు కొత్తేమీ కాదు. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం కింద కోస్తా, రాయలసీమ పురపాలక సంఘాల్లో పనిచేసిన హెల్త్ ఆఫీసరు, ఆయన కింద శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఊళ్లలో తిరిగే హెల్త్ విజిటరు, ఈ పదవులు పేర్లతో సహా బ్రిటన్ నుంచి వచ్చినవే.

1929 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఆరోగ్యాధికారి పరిధిని మరింత పెంచింది. పేదల చట్టం కింద నడిచే ఆసుపత్రులను కౌంటీలకు, పెద్ద నగరాలకు బదిలీ చేసింది. లండన్ కౌంటీ కౌన్సిల్ ఒక్కటే 70కి పైగా ఆసుపత్రులను నడిపింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే నాటికి పెద్ద నగరపు ఆరోగ్యాధికారి చేతిలో మురుగు కాలువ నుంచి శస్త్రచికిత్స గది వరకు ఉండేది. అయితే ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన అంతా సవ్యంగా జరుగుతుందని కాదు. 1937లో లండన్ పక్కనే ఉన్న క్రాయిడన్‌లో మంచినీటి బావికి మరమ్మతులు చేస్తూ క్లోరిన్ కలపడం ఆపేశారు. మరమ్మతుల సంగతి ఇంజినీరింగ్ శాఖకు తెలుసు, ఆరోగ్యాధికారికి తెలియదు. బావిలో దిగిన పనివాళ్లలో ఒకరు టైఫాయిడ్ క్రిములను మోస్తున్న మనిషి. ఆ నీళ్లు తాగి 43 మంది చనిపోయారు. సమాచారం ఒక గది నుంచి పక్క గదికి చేరకపోతే ఎంత నష్టమో చెప్పే ఈ సంఘటనను, తర్వాత వచ్చిన వ్యవస్థను అంచనా వేసేటప్పుడు గుర్తుంచుకోవాలి.

బెవాన్, మోరిసన్: మంత్రివర్గంలో జరిగిన వాదన

1945లో అధికారంలోకి వచ్చిన లేబర్ ప్రభుత్వంలో ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవాన్. ఆసుపత్రులన్నిటినీ, కౌన్సిళ్లవీ ధర్మాసుపత్రులవీ, జాతీయం చేయాలని ఆయన ప్రతిపాదించారు. దాన్ని మంత్రివర్గంలోనే గట్టిగా ఎదిరించిన వ్యక్తి హెర్బర్ట్ మోరిసన్. ఆయన అంతకుముందు లండన్ కౌంటీ కౌన్సిల్‌ను నడిపిన నాయకుడు. స్థానిక సంస్థల నుంచి ఆసుపత్రులను లాగేసుకుంటే వాటికి మిగిలేదేమిటని ఆయన ప్రశ్న. ఎన్నికైన కౌన్సిల్ ప్రజలకు జవాబుదారీ, నియమిత బోర్డు ఎవరికి జవాబుదారీ అని కూడా అడిగారు.

బెవాన్ వాదనకు రెండు బలమైన ఆధారాలున్నాయి. కౌన్సిళ్లకు ఆదాయం స్థానికంగా ఇళ్లపై, భవనాలపై వేసే పన్ను నుంచి వచ్చేది. గనులు మూతపడిన ఊరికీ సంపన్నుల శివారుకూ ఆ ఆదాయంలో పోలికే ఉండదు. రోగం ఎక్కువ ఉన్న చోట పన్ను తక్కువ వస్తుంది. వేల్స్ గనుల ప్రాంతం ట్రెడీగర్‌లో పుట్టి పెరిగిన బెవాన్‌కు ఇది కళ్లారా చూసిన సంగతి. రెండోది వైద్యుల వైఖరి. కౌన్సిల్ జీతగాళ్లుగా, ఆరోగ్యాధికారి కింద పనిచేయడానికి వారు ససేమిరా అన్నారు. వారిని ఒప్పించకుండా సేవను మొదలుపెట్టే దారి లేదు.

బెవాన్ గెలిచారు. కొత్త వ్యవస్థ మూడు పాయలైంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆసుపత్రులు 14 ప్రాంతీయ బోర్డుల కిందికి, బోధనాసుపత్రులు విడిగా తమ పాలక మండళ్ల కిందికి వెళ్లాయి. కుటుంబ వైద్యులు, దంతవైద్యులు, కళ్లద్దాల వారు, మందుల దుకాణాలు ‘ఎగ్జిక్యూటివ్ కౌన్సిళ్ల’తో (ఇవి స్థానిక కౌన్సిళ్లు కావు) ఒప్పందాలు చేసుకున్నారు. మిగిలినవి కౌంటీలకు, పెద్ద నగరాలకు దక్కాయి. ప్రసూతి, శిశు సంరక్షణ, మిడ్‌వైఫ్‌లు (కాన్పు చేసే నర్సులు), హెల్త్ విజిటర్లు, ఇంటి దగ్గర నర్సింగ్, టీకాలు, అంబులెన్సులు, వ్యాధి నివారణ, ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన వారి సంరక్షణ, ఇంటిపనికి సహాయకులు, ఆరోగ్య కేంద్రాల నిర్మాణం ఆ జాబితా. బడిపిల్లల వైద్య తనిఖీ విద్యాశాఖ ద్వారా కౌన్సిళ్ల దగ్గరే ఉండిపోయింది. స్కాట్లండ్‌కు 1947లో వేరే చట్టం వచ్చింది గానీ దాని పోలిక కూడా ఇదే.

మశూచి టీకా తప్పనిసరి అన్న 1853 నాటి నిబంధన కూడా అదే రోజున రద్దయింది. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, స్థానిక సేవల తీరును ఇది మార్చేసింది. అప్పటి నుంచి టీకా వేయించడమంటే చట్టంతో బెదిరించడం కుదరదు, తల్లిని ఒప్పించాలి. ఒప్పించాలంటే ఆమె గడపకు వెళ్లే మనిషి కావాలి.

ఒక గర్భిణి, మూడు కార్యాలయాలు

ఈ చీలిక ఎలా పనిచేసిందో 1950ల నాటి గర్భిణిని ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఆమె నెలల పరీక్షలకు కౌన్సిల్ క్లినిక్కుకు వెళుతుంది. జ్వరం వస్తే చూసే కుటుంబ వైద్యుడు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ మనిషి. కాన్పు ఇంట్లో అయితే వచ్చే మిడ్‌వైఫ్ కౌన్సిల్ ఉద్యోగి, ఆసుపత్రిలో అయితే అక్కడివారంతా ప్రాంతీయ బోర్డు ఉద్యోగులు. ఆమెను తీసుకెళ్లే అంబులెన్స్ కౌన్సిల్‌ది. బిడ్డతో ఇంటికి వచ్చాక తలుపు తట్టే హెల్త్ విజిటరూ కౌన్సిల్ మనిషే. క్లినిక్కులో రాసిన కాగితం కాన్పు గదికి, అక్కడి కాగితం కుటుంబ వైద్యుడికి చేరడం వ్యక్తుల చొరవ మీద ఆధారపడేది.

ముసలివారి విషయంలో చిక్కు ఇంకా ముదిరింది. 1948 నాటి జాతీయ సహాయ చట్టం వృద్ధాశ్రమాలను కౌన్సిళ్లకు ఇచ్చింది. మంచం పట్టిన వృద్ధులు మాత్రం ఆసుపత్రి బోర్డుల బాధ్యత. నడవగలిగీ నడవలేని, తినగలిగీ వండుకోలేని మనిషి ఎవరి బాధ్యత? ఆమెకు కావలసింది వైద్యమా, సంరక్షణా? ఆసుపత్రి మంచం ఖర్చు కేంద్ర ఖజానాది, ఆశ్రమం ఖర్చు స్థానిక పన్నుది. కాబట్టి రెండు పక్షాలూ ఆమెను అవతలి గట్టుకు నెట్టడానికే ప్రయత్నించాయి. ఇందులో ఎవరి దుర్బుద్ధీ లేదు. ఖర్చు గీత ఎక్కడ గీశారో తగవు అక్కడే పుట్టింది. బ్రిటన్‌లో ఆ తగవు నేటికీ తెగలేదు.

తలుపు తట్టిన సేవ

ఇన్ని అడ్డంకుల మధ్య కౌన్సిళ్లు సాధించినది చిన్నదేమీ కాదు. వాటి ప్రధాన బలం హెల్త్ విజిటరు. 19వ శతాబ్దపు మాంచెస్టర్, సాల్ఫర్డ్‌లలో మొదలైన ఈ పని 1948 తర్వాత ప్రతి కౌన్సిల్‌కూ తప్పనిసరైంది. పుట్టిన ప్రతి బిడ్డ వివరం 36 గంటల్లో ఆరోగ్యాధికారికి చేరాలన్న నియమం అప్పటికే ఉంది. మిడ్‌వైఫ్ పని ముగియగానే, ధనిక పేద తేడా లేకుండా ప్రతి ఇంటికీ హెల్త్ విజిటరు వెళుతుంది. బిడ్డను చూస్తుంది, తల్లితో మాట్లాడుతుంది, ఇంట్లో తడి గోడ ఉందా, పాలు ఎక్కడ దాస్తున్నారు అన్నది గమనిస్తుంది, టీకా తేదీ చెబుతుంది. రోగి తన దగ్గరకు వచ్చే దాకా ఆసుపత్రి ఎదురుచూస్తుంది. జబ్బు చేయని మనిషిని వెతుక్కుంటూ వెళ్లిన సేవ ఇది.

దాని ఫలితం డిఫ్తీరియాలో స్పష్టంగా కనిపిస్తుంది. మన పెద్దలు కంఠసర్పి అన్న ఈ వ్యాధి 1940లో బ్రిటన్‌లో 61 వేల మందికి పైగా సోకి, 3,283 మందిని బలి తీసుకుంది. టీకా ప్రచారం ఆ ఏడాదే దేశవ్యాప్తంగా మొదలైంది. 1957లో నమోదైన కేసులు 38, మరణాలు 6. టీకా ప్రయోగశాలలో తయారైన మాట నిజమే. ఏ ఇంట్లో టీకా వేయించని పిల్ల ఉందో తెలిసినది మాత్రం కౌన్సిల్ కార్డుల పెట్టెకు.

పోలియో టీకా 1956లో వచ్చినా యువకులు మొదట్లో పెద్దగా ముందుకు రాలేదు. 1959 ఏప్రిల్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన జెఫ్ హాల్ 29 ఏళ్ల వయసులో పోలియోతో మరణించాడు. ఆ వార్తతో యువత క్లినిక్కుల ముందు బారులు తీరింది, కౌన్సిళ్లు అప్పటికప్పుడు అదనపు కేంద్రాలు తెరిచాయి. నిన్నటి దాకా పదిమంది వచ్చిన చోటికి నేడు వేయిమంది వస్తే తట్టుకునే శక్తి, ఊళ్లో భవనాలూ మనుషులూ తన చేతిలో ఉన్న సంస్థకే ఉంటుంది.

గ్లాస్గో ఉదాహరణ మరింత పెద్దది. పశ్చిమ ఐరోపాలో క్షయ తీవ్రంగా ఉన్న నగరాల్లో అది ఒకటి. 1957 వసంతంలో ఐదు వారాల పాటు నగర కార్పొరేషన్ ఎక్స్‌రే వాహనాలను వీధుల్లో నిలిపింది. వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పిలిచారు. వచ్చినవారికి బ్యాడ్జీలు ఇచ్చారు, వారం వారం బహుమతుల లాటరీ తీశారు. రెండున్నర లక్షల మంది వస్తే చాలనుకుంటే ఏడు లక్షలకు పైగా వచ్చారు. రెండు వేలకు పైగా చురుకైన క్షయ కేసులు బయటపడ్డాయి. స్ట్రెప్టోమైసిన్, దానితో కలిపి వాడే మందులు అప్పటికే అందుబాటులో ఉన్నాయి కనుక, పట్టుబడిన రోగికి చికిత్స కూడా దొరికింది. మందు లేని రోజుల్లో ఇదే ప్రచారం చేసి ఉంటే భయం తప్ప మరేమీ మిగిలేది కాదు. నివారణ, చికిత్స ఒకే సమయంలో చేతికి అందడమే గ్లాస్గో విజయ రహస్యం.

1962 జనవరిలో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో మశూచి బయటపడింది. పాకిస్తాన్ నుంచి వచ్చిన ఒక చిన్నారి ద్వారా సోకిన ఈ వ్యాధిని గుర్తించేసరికి అది ఆసుపత్రిలోకి పాకిపోయింది. ఆరోగ్యాధికారి బృందం రోగులతో మెలిగిన వారిని ఒక్కొక్కరిగా వెతికి పట్టుకుంది. కొద్ది రోజుల్లోనే రెండున్నర లక్షలకు పైగా టీకాలు వేశారు. వ్యాధి పద్నాలుగు మంది దగ్గర ఆగింది, అందులో ఆరుగురు చనిపోయారు. అదే సమయంలో ఊళ్లోని పాకిస్తానీ కార్మికులపై ద్వేషం పెల్లుబికింది. ఉన్ని మిల్లుల్లో రాత్రి పాళీలు చేస్తున్న ఆ మనుషులు నేరస్థుల్లా చూడబడటం ఆ విజయం మీద పడిన మచ్చ.

పొగ దగ్గర పరిమితి

కౌన్సిల్ చేయగలిగినదానికీ చేయలేనిదానికీ మధ్య గీత గాలి విషయంలో బాగా కనిపిస్తుంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మిన బొగ్గు పొగమంచు అప్పటి లెక్క ప్రకారమే దాదాపు 4,000 మందిని చంపింది. తర్వాతి అధ్యయనాలు ఆ సంఖ్యను 12,000 వరకు తీసుకెళ్లాయి. 1956లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. ఏ వీధులు పొగ నియంత్రణ ప్రాంతాలో ప్రకటించే అధికారం కౌన్సిళ్లకు దక్కింది. ఇంటి పొయ్యి మార్చుకునే ఖర్చులో అధిక భాగం ప్రభుత్వ నిధుల నుంచి అందేది. లండన్‌లో పని చురుగ్గా సాగింది. బొగ్గు గనుల ఊళ్లలో మాత్రం నత్తనడకన నడిచింది. అక్కడి కార్మికుడికి కూలిలో భాగంగా బొగ్గు వస్తుంది, కౌన్సిల్ సభ్యుడు కూడా గని కార్మికుడే. స్థానిక ప్రజాస్వామ్యం ఆరోగ్యానికి ఎప్పుడూ తోడు నిలుస్తుందని చెప్పలేమనడానికి ఇది సాక్ష్యం.

సిగరెట్టు విషయంలో ఇబ్బంది వేరు. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధాన్ని పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో చూపించారు. 1957లో ప్రభుత్వం ఆ నిజాన్ని అంగీకరించింది గానీ, జనానికి చెప్పే పనిని స్థానిక ఆరోగ్య సంస్థల మీద వదిలేసింది. పొగాకు పన్నుతో ఖజానా నిండుతోంది. కౌన్సిల్ దగ్గర ఉన్నదల్లా గోడపత్రికలు, బడిలో ఉపన్యాసాలు. దేశమంతా ప్రకటనలు గుప్పించే పరిశ్రమ ముందు అవి ఎంత? బాధ్యతను కిందికి దింపి అధికారాన్ని పైనే ఉంచుకోవడమంటే ఇదే.

ఆబర్డీన్: గొంతెత్తిన అధికారి

1964 మే నెలలో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్‌లో టైఫాయిడ్ విరుచుకుపడింది. అర్జెంటీనా నుంచి వచ్చిన డబ్బా మాంసం దానికి మూలం. అక్కడి కర్మాగారంలో డబ్బాలను శుద్ధి చేయని నది నీటితో చల్లార్చారు. ఇక్కడి దుకాణంలో ఆ మాంసాన్ని కోసిన యంత్రం మీదుగా మిగతా మాంసాలకూ క్రిములు అంటుకున్నాయి. 500 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆరోగ్యాధికారి ఇయాన్ మాక్వీన్ రోజూ పత్రికల వారిని పిలిచి మాట్లాడారు. చేతులు కడుక్కోమని, గుంపుల్లోకి వెళ్లవద్దని, ఊరు వదిలి పోవద్దని చెప్పారు. తర్వాత విచారణ జరిపిన మిల్న్ కమిటీ ఆయన పత్రికలను అవసరానికి మించి వాడుకున్నారని తప్పుపట్టింది.

ఆ విమర్శలో కొంత నిజం ఉండవచ్చు, ఊరి పేరు దెబ్బతిన్నదీ నిజమే. కానీ అంతకు ముందు ఏడాది హార్లో, సౌత్ షీల్డ్స్, బెడ్‌ఫర్డ్‌లలో ఇలాంటి మాంసంతోనే టైఫాయిడ్ వచ్చిన సంగతి కేంద్ర శాఖలకు తెలుసు. అనుమానిత సరుకును వారు మార్కెట్ నుంచి పూర్తిగా తీయించలేదు. ఆ పని జరిగి ఉంటే మాక్వీన్ నోరు తెరిచే అవసరమే వచ్చేది కాదు. నింద మాత్రం కళ్లకు కనిపించిన అధికారి మీద ఎక్కువగా పడింది. ఆయన పదవికి ఇక పదేళ్ల ఆయుష్షే మిగిలింది.

నిధులు ఎటు పోయాయి

ఆసుపత్రుల ఖర్చంతా కేంద్ర ఖజానా భరించింది. కౌన్సిళ్ల ఆరోగ్య సేవలకు మాత్రం సగం గ్రాంటు, మిగతా సగం స్థానిక పన్ను. అంటే ఆసుపత్రిలో ఒక పడక పెరిగితే ఊరికి ఖర్చు లేదు, ఒక హెల్త్ విజిటరును చేర్చుకుంటే పన్ను పెరుగుతుంది. 1958 తర్వాత ఆ గ్రాంటు కూడా అన్ని పద్దులకూ కలిపి ఇచ్చే మొత్తంగా మారడంతో, ఆరోగ్యం రోడ్లతోనూ బడులతోనూ పోటీ పడవలసి వచ్చింది. ఆరోగ్య సేవ మొత్తం ఖర్చులో కౌన్సిళ్ల వాటా పదో వంతు కూడా దాటలేదు.

ఆరోగ్య కేంద్రాల గతి దీనికి మంచి ఉదాహరణ. కుటుంబ వైద్యుడు, నర్సు, శిశు క్లినిక్కు ఒకే భవనంలో ఉండాలన్నది 1946 చట్టంలోని ముచ్చటైన ఆశ. లండన్‌లో వుడ్‌బెర్రీ డౌన్ కేంద్రం 1952లో తెరుచుకుంది. ఖర్చు ఎక్కువైందన్న విమర్శ వెంటనే వచ్చింది. వైద్యులకేమో కౌన్సిల్ భవనంలోకి అడుగు పెడితే కౌన్సిల్ నౌకర్లమవుతామేమోనన్న భయం. 1960ల మొదటి వరకు దేశంలో ఇలాంటివి ఇరవై కూడా లేవు. 1966లో కుటుంబ వైద్యులకు కొత్త ఒప్పందం కుదిరాకే అవి వందల్లోకి పెరిగాయి. అప్పటికి కౌన్సిళ్ల కాలం చివరికి వచ్చింది.

1971, 1974: రెండు కోతలు

పదవి బలహీనపడటంలో ఆరోగ్యాధికారుల పాత్ర కూడా ఉంది. ఆసుపత్రులు పోయాక చాలామంది మిగిలిన సేవల నిర్వహణలో కూరుకుపోయారు. ఊరి రోగాల లెక్కను కొత్త కళ్లతో చదవడం తగ్గింది. వైద్య కళాశాలల్లో ఈ శాఖను చిన్నచూపు చూశారు. 1959 మానసిక ఆరోగ్య చట్టం రోగులను పెద్ద ఆశ్రమాల నుంచి ఊళ్లలోకి తేవాలంది. ఆ పని చేయవలసిన సామాజిక కార్యకర్తలు తమకు పైఅధికారిగా వైద్యుడు ఎందుకని అడిగారు. 1968లో సామాజిక సేవలపై ప్రభుత్వం వేసిన సీబోమ్ కమిటీ వారితో ఏకీభవించింది. 1971 ఏప్రిల్ నుంచి ఇంటిపని సహాయకులు, శిశు సంరక్షణ కేంద్రాలు, మానసిక రోగుల సంక్షేమం కొత్త సామాజిక సేవల శాఖలకు వెళ్లాయి.

ఈలోగా నర్సులను, హెల్త్ విజిటర్లను కుటుంబ వైద్యుల క్లినిక్కులకు అనుసంధానించే పద్ధతి ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల మొదలై వ్యాపించింది. వైద్యుడికీ నర్సుకూ మధ్య మాటలు కుదిరాయి. అదే సమయంలో ‘నా వీధులు’ అన్న భావం పోయింది. వైద్యుడి జాబితాలో లేని కుటుంబం ఎవరి కంటా పడకుండా పోయే వీలు ఏర్పడింది.

1974 ఏప్రిల్ 1న మిగతాది పూర్తయింది. కౌన్సిళ్ల ఆరోగ్య సేవలన్నీ కొత్త ప్రాంతీయ ఆరోగ్య సంస్థల కిందికి వెళ్లాయి. ఆరోగ్యాధికారి స్థానంలో ‘కమ్యూనిటీ ఫిజీషియన్’ వచ్చారు. ఆహార దుకాణాల తనిఖీ, పాడుబడ్డ ఇళ్లు, పొగ నియంత్రణ మాత్రం జిల్లా కౌన్సిళ్లలోని పర్యావరణ ఆరోగ్యాధికారుల దగ్గరే ఉన్నాయి. మూడు పాయలను ఒకటి చేస్తామన్న సంస్కరణ ఆసుపత్రికీ నర్సుకూ మధ్య గోడ తీసి, వైద్యుడికీ ఊరి మురుగు కాలువకూ మధ్య కొత్త గోడ కట్టింది. వార్షిక నివేదిక రాసే విధి కూడా ఆ పదవితోనే పోయింది.

1948లో ఇంగ్లండ్, వేల్స్‌లలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 34 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 1974కు ఆ సంఖ్య 16కు తగ్గింది. యాంటీబయాటిక్స్, మెరుగైన తిండి, కొత్త ఇళ్లు, ఆసుపత్రి కాన్పులు అన్నీ ఇందులో పాలుపంచుకున్నాయి. గడప గడపకూ తిరిగిన మనుషుల వాటా ఎంతో విడదీసి చెప్పే కొలత లేదు. ఆపిన రోగం ఏ పట్టికలోనూ కనిపించదు. నివారణ సేవలు బడ్జెట్ చర్చల్లో పదే పదే ఓడిపోవడానికి ఈ లక్షణమే పెద్ద కారణం.

ఆ తర్వాత

1984లో వేక్‌ఫీల్డ్‌లోని స్టాన్లీ రాయిడ్ ఆసుపత్రిలో సాల్మొనెల్లా క్రిములు 19 మందిని, మరుసటి ఏడాది స్టాఫర్డ్‌లో లీజియొనెల్లా క్రిములు 28 మందిని బలిగొన్నాయి. అంటువ్యాధికి బాధ్యులెవరన్న ప్రశ్న మళ్లీ లేచింది. 1988లో ప్రజారోగ్యంపై ప్రభుత్వం వేసిన అచెసన్ కమిటీ ప్రతి జిల్లాకూ ప్రజారోగ్య సంచాలకుడు ఉండాలని, ఆయన ఏటా నివేదిక రాయాలని సిఫారసు చేసింది. డంకన్ చేసిన పనిని మరో పేరుతో తిరిగి నిలబెట్టారన్నమాట. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో ఆ అధికారులు కౌన్సిళ్లకు తిరిగి వచ్చారు. వారి వెంట వచ్చిన నిధులకు తర్వాతి ఏళ్లలో కోత పడింది.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఇంగ్లండ్ ప్రభుత్వం రోగులతో మెలిగిన వారిని వెతికే పనిని ప్రధానంగా కేంద్రం నుంచి, ఫోను కేంద్రాల ద్వారా నడిపింది. ఫోను ఎత్తని వారు చాలామంది మిగిలిపోయారు. ఆగస్టులో లాంకషైర్‌లోని బ్లాక్‌బర్న్ విత్ డార్వెన్ కౌన్సిల్, ఫోనుకు దొరకని వారి పేర్లు తెప్పించుకుని స్థానిక నంబరు నుంచి పిలవడం మొదలుపెట్టింది. అప్పటికీ పలకని వారి ఇళ్లకు సిబ్బంది వెళ్లి తలుపు తట్టారు.